సందర్భానికి తగ్గ దుస్తులు – 3వ పాఠం: కోటు కొలత చూడటం

గత పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. ఆహ్వానంలో ‘బ్లాక్ టై’ అని ఉంటే నల్ల సూటు మీద నల్ల టై కట్టుకుని వెళ్ళొచ్చా? వెళ్ళకూడదు. అక్కడ కోరుతున్నది డిన్నర్ జాకెట్, అంటే సిల్కు మెరుపున్న ల్యాపెల్ (కాలరు కింద ఛాతీ మీదికి మడిచి ఉండే అంచు) ఉన్న కోటు, తెల్ల చొక్కా, బో టై. అవి సాయంత్రం వేడుకల దుస్తులు. ఇంటర్వ్యూకు, బోర్డు సమావేశానికి, సదస్సులో ప్రసంగానికి మామూలు సూటే కావాలి. ముదురు నీలమో ముదురు బూడిద రంగో అయితే మూడు చోట్లా చెల్లుతుంది. రంగుల సంగతి అక్కడితో వదిలేద్దాం.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు ఒక కోటు తొడుక్కుని, అది మీకు సరిపోయిందో లేదో మీరే తేల్చుకోగలగాలి. అమ్మేవాళ్ళు ఎలాగూ బాగుందనే అంటారు, వాళ్ళ పని అది. వెంట వచ్చినవాళ్ళు రంగు చూసి మాట్లాడతారు. కొలత చూసుకోవాల్సింది మీరే. నన్నడిగితే, ఒంటికి కుదిరిన చవక కోటు ముందు ఒంటికి కుదరని ఖరీదైన కోటు ఎందుకూ పనికిరాదు.

ముందుగా జేబుల్లోంచి ఫోను, పర్సు, తాళాలు తీసేయండి. కార్యక్రమం రోజున వేసుకోబోయే చొక్కా, బూట్లు వేసుకోండి. టీషర్టు మీద కోటు కొలత చూడటం దండగ. కాలరు ఎక్కడ ఆనుతుందో, కఫ్, అంటే చొక్కా చేతి చివరి పట్టీ, ఎంత బయటికి కనిపిస్తుందో దాంట్లో తెలియదు. అద్దం కనిపించగానే అందరం ఛాతీ విరిచి, పొట్ట లోపలికి లాక్కుంటాం. సభలో గంటసేపు అలా ఉండలేం కదా. ఊపిరి వదిలేసి, చేతులు కిందికి జారవిడిచి, మామూలుగా నిలబడండి.

భుజాలు

మొట్టమొదట చూడాల్సింది ఇదే. ఇది కుదరకపోతే మిగతావి చూడక్కర్లేదు, కోటు విప్పి పక్కన పెట్టేయండి. భుజం మీది కుట్టు మీ భుజం ఎముక అయిపోయేచోట ముగియాలి. అక్కణ్ణించి చెయ్యి నేరుగా కిందికి జారాలి. కుట్టు ఎముక దాటి బయటికి వస్తే భుజం కింద, చెయ్యి మొదట్లో ఒక సొట్ట పడుతుంది. కుట్టు లోపలికి ఉండిపోతే చెయ్యి పైభాగం ఉబ్బెత్తుగా బయటికి తోసుకొస్తుంది.

అద్దంలో తేలకపోతే గోడ పక్కన నిలబడి, మెల్లగా పక్కకు ఒరగండి. ముందుగా మీ చెయ్యి గోడకు తగలాలి. చెయ్యి తగలకముందే కోటు భుజం మెత్త తగిలిందంటే ఆ కోటు మీకు పెద్దది.

భుజం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. భుజం మెత్త, కోటు ఆకారం నిలిపే లోపలి క్యాన్వాసు గుడ్డ, లైనింగు, చెయ్యి, కాలరు అన్నీ అక్కడే కలుస్తాయి. దాన్ని సరిచేయాలంటే కోటు సగం విప్పి మళ్ళీ కుట్టాలి. ఎంత మంచి దర్జీ అయినా వద్దనే చెబుతాడు. చేసిపెడతానని వెంటనే ఒప్పుకునే దర్జీ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండండి.

మెడ వెనక

ఇది మీకు కనిపించదు కాబట్టి ఎవరిచేతనైనా వెనకనుంచి ఫోటో తీయించుకోండి. కోటు కాలరు చొక్కా కాలరును అంటిపెట్టుకుని ఉండాలి, మధ్యలో ఖాళీ కనబడకూడదు. చొక్కా కాలరు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల మేర పైకి కనిపించాలి. కాలరు కింద గుడ్డ అడ్డంగా మడతపడి చుట్టలా నిలిస్తే, మీ భుజాలు ఆ కోటు అనుకున్నదానికంటే ఎత్తుగా, చదునుగా ఉన్నాయని. దాన్ని దర్జీ కొంతవరకు దించగలడు. కాలరు మెడను వదిలేసి దూరంగా నిలిచిందంటే మాత్రం వేరే కోటు చూసుకోవడమే మంచిది.

ఛాతీ, నడుము

రెండు గుండీల కోటుకు పై గుండీ ఒక్కటే పెట్టండి. గుండీ దగ్గర్నుంచి నాలుగు వైపులా ముడతలు లాగి, గుణకారం గుర్తులా కనిపిస్తే బిగుతు. కోటుకూ పొట్టకూ మధ్య అరచెయ్యి దూరితే సరి, పిడికిలి తేలిగ్గా తిరుగుతుంటే వదులు. నడుము దగ్గర బిగించడం దర్జీకి చిన్న పని. వదులు చేయడం మాత్రం లోపల కుట్టుకు అవతల ఎంత గుడ్డ మిగిల్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. లైనింగు పక్కకు తీసి చూడమని అడగండి. అందుకే ఛాతీకి సరిపోయి నడుము దగ్గర కాస్త వదులున్న కోటే తీసుకోవడం తెలివి.

కింది గుండీ ఎప్పుడూ పెట్టకూడదు. బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ లావెక్కి దాన్ని విప్పేశాడనీ, కొలువువాళ్ళంతా ఆయన్నే అనుసరించారనీ ఒక కథ చెబుతుంటారు. నిజమో కాదో గానీ, ఇప్పటి కోట్లను ఆ గుండీ విప్పి ఉంటుందన్న లెక్కతోనే కత్తిరిస్తున్నారు. పెడితే తొడల దగ్గర గుడ్డ లాగేస్తుంది. మూడు గుండీలుంటే నడిమిది తప్పనిసరి, పైది మీ ఇష్టం. కూర్చునేటప్పుడు గుండీ విప్పాలి, లేచేటప్పుడు పెట్టుకోవాలి. రెండు వరసల గుండీల కోటుకు ఈ మినహాయింపు లేదు, కూర్చున్నా పెట్టే ఉంచాలి.

చంక

చాలామంది వదిలేసేది ఇక్కడే. చెయ్యి కుట్టిన రంధ్రం పెద్దదైతే కదలిక బాగుంటుందని అనుకుంటాం. జరిగేది సరిగ్గా ఎదురు. రంధ్రం కిందిదాకా దిగితే చెయ్యి ఎత్తగానే దాంతోపాటు కోటు మొత్తం పైకి లేస్తుంది, కాలరు మెడను వదిలేస్తుంది. వేదిక మీద చేతులు ఆడిస్తూ మాట్లాడేవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది. చంకకు దగ్గరగా, అయితే ఒరుసుకోకుండా ఉన్న రంధ్రమే మేలు. పరీక్ష తేలికే. ఎదుటివారితో చెయ్యి కలుపుతున్నట్టు చాచండి, తరవాత బోర్డు మీద రాస్తున్నట్టు పైకెత్తండి. కోటు అంచు కొద్దిగా కదలడం మామూలే. నడుము దాకా లేచిపోతే వద్దు. రంధ్రాన్ని తరవాత పెద్దది చేయవచ్చు గానీ చిన్నది చేయడం కుదరదు.

చెయ్యి పొడవు, కోటు పొడవు

కోటు చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. దాని కింద చొక్కా కఫ్ 1 సెంటీమీటరు, అటూ ఇటూగా కనిపించాలి. కోటు అంచు పిరుదులను కప్పితే చాలు. కోటు పొడవు తగ్గించమని దర్జీని అడక్కండి. జేబులు కిందికి దిగిపోయినట్టు కనిపిస్తాయి. చెయ్యి పొడవు మార్చడం సులువే. కాకపోతే చేతి అంచు గుండీలు అలంకారానికి కాక నిజంగా తెరుచుకునే కాజాలతో ఉంటే, పొడవు తగ్గించడానికి భుజం వైపునుంచి విప్పాలి. అది ఖర్చుతో కూడిన పని.

స్త్రీల కోట్లకు కూడా ఇవే పరీక్షలు. గుండీల పక్క మారుతుంది, పొడవులో ఎంపిక ఎక్కువ. ఛాతీ దగ్గర ల్యాపెల్ విల్లులా పైకి వంగుతుంటే అక్కడ బిగుతని అర్థం. కొన్ని కోట్లకు జేబులు ఉత్తుత్తివే ఉంటాయి, కార్డో పెన్నో పెట్టుకునే అలవాటుంటే కొనేముందే వేలు పెట్టి చూసుకోండి.

ధర చీటీ మీద ‘సూపర్ 100’, ‘సూపర్ 150’ అని కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. ఉన్ని పోగు ఎంత సన్ననిదో చెప్పే అంకె అది. సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటదు. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, గుడ్డ మెత్తబడుతుంది, అంతే తేలిగ్గా నలుగుతుంది, అరుగుతుంది. తరచూ వేసుకునే సూటుకు 100, 120 మధ్య చాలు.

కొత్త కోటు ఇంటికి తెచ్చాక ఒక చిన్న కత్తెర పని. వెనక చీలికను పట్టి ఉంచేలా దారంతో ఇంటూ గుర్తు కుట్టి ఉంటుంది, దాన్ని తీసేయండి. చేతి అంచు మీద కంపెనీ పేరు చీటీ ఉంటే అదీ తీసేయాలి. అవి దారిలో నలగకుండా, అంగట్లో గుర్తుపట్టేలా పెట్టినవి. ఎంత పెద్ద హోదాలో ఉన్నవాళ్ళైనా ఇది మరిచిపోతుంటారు, వెనక కూర్చున్నవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే ఉంటాయి. జేబులు కుట్టేసి ఉంటే ఛాతీ జేబు ఒక్కటి విప్పుకుని, కింది రెండూ అలాగే ఉంచడం నా సలహా. వాటిలో ఏదీ వేయకపోతే కోటు ఆకారం చెడదు.

ఈ వారం పని

మీ దగ్గరున్న కోటు తీయండి. లేకపోతే ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి, కుదరని కోటైతే నేర్చుకోవడానికి ఇంకా మంచిది. ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, చెయ్యి చాచి ఒక్కో ఫోటో తీయించుకోండి. కాగితాన్ని రెండు భాగాలు చేసి, కనిపించిన లోపాల్లో దర్జీ సరిచేయగలిగేవి ఒకవైపు, చేయలేనివి ఇంకోవైపు రాయండి. భుజం, చంక, కోటు పొడవు రెండో వైపుకే వెళ్ళాలి. వాటిలో ఒక్కటి ఉన్నా ఆ కోటు మీద దర్జీ ఖర్చు పెట్టకండి.

వచ్చే పాఠం చొక్కా కాలరు, టై ముడి గురించి. కొలత టేపు, మీకున్న టైలలో బాగా పొడవైనది దగ్గర పెట్టుకోండి. మెడ చుట్టుకొలతతో మొదలుపెడతాం.