సెల్ఫ్ ఈడుస్తున్నా, బండి హీటెక్కుతున్నా ముందు ఎర్త్ వైరు చూడండి

పాత సెకండ్ హ్యాండ్ కారు పొద్దున్నే కీ తిప్పితే టక్ మని ఆగిపోయిందంటే చాలు, అందరూ బ్యాటరీ షాపుకి పరిగెత్తుతారు. కొనేముందు మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గరుంటే బ్యాటరీ నిండా ఉన్నట్టే, 12.2 అంటే సగమే, ఛార్జింగ్ పెట్టండి. ఛార్జింగ్ నిండా ఉండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.5 కిందకి జారిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. ఇంజన్ నడుస్తుంటే 14 దగ్గర లేకపోతే ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) వైపు పోండి.

బ్యాటరీ బాగానే ఉంది, సెల్ఫ్ మాత్రం ఈడుస్తోంది అంటే ముందు ఎర్త్ వైరునే అనుమానించండి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒకటి, ఇంజనుకో గేర్ బాక్సుకో ఒకటి పోతుంది. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి తిరిగే బండ్లలో ఆ బోల్టు పైకి నిక్షేపంగా బిగుతుగా కనిపిస్తుంది, విప్పితే కింద తుప్పు, వైరు చివర పచ్చటి పొడి. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఎందుకంటే వాటికి కావల్సింది కొద్ది ఆంపియర్లే, సెల్ఫ్ మోటర్ వందకి పైనే లాగుతుంది కదా, అందుకే లైట్లు చూసి ఎర్తింగ్ బాగుందనుకుంటే మోసపోతారు. ఒక బండికి బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటర్ మార్చారు, చివరికి యాక్సిలరేటర్ కేబుల్ కూడా పట్టేసింది. ఎర్త్ సరిగ్గా లేకపోతే సెల్ఫ్ కరెంటు ఆ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, సెల్ఫ్ కొట్టగానే కేబుల్ ముట్టుకుంటే వేడిగా తగులుతుంది.

చెక్ చేయడం తేలిక. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి, మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి ఒక కొస బ్యాటరీ మైనస్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), ఇంకోటి ఇంజన్ మీద రంగులేని ఇనుముకి ఆనించి ఎవరినైనా కీ తిప్పమనండి. 0.2, 0.3 వోల్టులు అయితే పర్లేదు, 0.5 దాటితే దొరికినట్టే. మీటర్ లేదా, జంపర్ కేబుల్ (రెండు చివర్లా క్లిప్పులుండే లావు వైరు) ఒకటి మైనస్ నుంచి నేరుగా ఇంజనుకి తగిలించండి, సెల్ఫ్ గిర్రున తిరిగితే దోషం అదే.

బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్త్ చెడినా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది గానీ నీరసంగా తిరుగుతుంది. హైవే మీద బాగుండి, ఒంగోలు సిగ్నళ్ళ దగ్గర ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతుందంటే రేడియేటర్ మార్చకముందు ఇది చూడండి. ముందు మైనస్ విప్పి, బోల్టు కింద రంగూ తుప్పూ పోయి తళతళలాడేదాకా ఎమరీ పేపర్ కొట్టి, బిగించాక పైన వాసెలిన్ రాయండి. వైరు లోపల నల్లబడితే అంతే మందం కొత్తది వేయండి.

అయినా హీటెక్కుతుంటే, ఇంజన్ చల్లారాకే రేడియేటర్ మూత తీసి కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు) చూడండి. బోరు నీళ్ళు పోయకండి సామీ, మన ఉప్పు నీళ్ళకి రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుపోతుంది, అప్పుడు హైవే మీద కూడా హీటెక్కుతుంది. మెకానిక్ తీసేసిన థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్ళు వదిలే వాల్వు) ఉంటే తిరిగి పెట్టించండి. మూత రబ్బరు పగిలినా మార్చండి.

హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోవడం అరుదు. కూలెంట్ తగ్గిపోతూ, ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే మాత్రం బండి నడపకండి, లారీ మీద షెడ్డుకి తీసుకెళ్ళండి.