ఇంట్లో చేసిన ఫుల్‌రేంజ్ స్పీకర్ బాక్సు సరిగా పలకకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఒక్క డ్రైవర్‌తోనే (విద్యుత్తును ధ్వనిగా మార్చే భాగంతోనే) బాస్ నుంచి ట్రెబుల్ వరకు అంతా పలికించే ఫుల్‌రేంజ్ స్పీకర్‌లో ధ్వని బాగాలేకపోతే చాలామంది తప్పంతా డ్రైవర్ మీదికి నెట్టి కొత్తది కొనేస్తారు. నిజానికి లోపం ఎక్కువసార్లు బాక్సులోనో, వైరింగులోనో, బాక్సు పెట్టిన చోటులోనో ఉంటుంది. పలకలు కోయడం, అతికించడం, సోల్డరింగ్ చేయడం చదివేవారికి వచ్చునని అనుకుని రాస్తున్నాను.

బాస్ దాదాపు వినబడదు, గాయకుడి గొంతు రెండు స్పీకర్ల మధ్య నిలవదు

అన్నిటికంటే ముందు పోలారిటీ చూడాలి. రెండు బాక్సుల్లో ఒకదాని ప్లస్, మైనస్ తీగలు తారుమారైతే ఒక కోన్ (డ్రైవర్ ముందు కదిలే గరాటు లాంటి భాగం) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది, దాంతో తక్కువ ఫ్రీక్వెన్సీలు గాలిలోనే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మోనో రికార్డింగు వినిపిస్తూ ఒక్క స్పీకర్‌కు మాత్రమే తీగలు మార్చి చూస్తే విషయం వెంటనే తేలిపోతుంది. డ్రైవర్ మీద గుర్తు చెరిగిపోయి ఉంటే 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించి చూడాలి. కోన్ బయటికి కదిలితే బ్యాటరీ ప్లస్ తగిలిన కొసే డ్రైవర్ ప్లస్. ఇంత తేలికైన పరీక్షను వదిలేసి బాక్సు మొత్తం విప్పి మళ్లీ కట్టినవారిని ఎందరినో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అది సరిగా ఉంటే తర్వాత చూడవలసింది గాలి లీకు. మూసిన బాక్సులో కోన్‌ను వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదిలితే అది నింపాదిగా వెనక్కి రావాలి. చటుక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోందని అర్థం. పోర్టు (బాస్ పెంచడానికి బాక్సుకు పెట్టే గొట్టపు రంధ్రం) ఉన్న బాక్సుకైతే ముందు పోర్టును గట్టిగా మూసి ఈ పరీక్ష చేయాలి. లీకు పలకల అతుకుల దగ్గర కంటే టెర్మినల్ ప్లేటు చుట్టూ, డ్రైవర్ ఫ్రేము అంచు కింద ఎక్కువగా ఉంటుంది. అక్కడ సన్నని ఫోమ్ గాస్కెట్ వేసి స్క్రూలను ఎదురెదురుగా బిగిస్తే సరిపోతుంది.

ఏ స్వరం వాయించినా బాస్ ఒకేలా గుమ్ముమంటుంది

బాక్సు ఘనపరిమాణాన్ని లోపలి కొలతలతో మళ్లీ లెక్కించాలి. బయట 20 × 20 × 30 సెంటీమీటర్లు ఉన్న బాక్సు చూడటానికి 12 లీటర్లది, కానీ 18 మిల్లీమీటర్ల పలక వాడితే లోపల మిగిలేది 7.1 లీటర్లే, అందులోంచి మాగ్నెట్, పోర్టు గొట్టం, అడ్డుకర్రలు ఆక్రమించే చోటు కూడా తీసేయాలి. మూసిన బాక్సు లెక్కకు డ్రైవర్ వివరాల పత్రంలోని రెండు అంకెలు కావాలి: వీఏఎస్ అంటే కోన్ సస్పెన్షన్‌కు ఉన్నంత స్ప్రింగుతనం ఉన్న గాలి పరిమాణం, క్యూటీఎస్ అంటే కోన్ తన సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత అదుపు తప్పి ఊగుతుందో చెప్పే అంకె. డ్రైవర్‌ను బాక్సులో బిగించాక అదే అంకె క్యూటీసీ అవుతుంది. లెక్క ఇది: వీఏఎస్‌ను బాక్సు పరిమాణంతో భాగించి, దానికి ఒకటి కలిపి, వచ్చినదాని వర్గమూలాన్ని క్యూటీఎస్‌తో గుణిస్తే క్యూటీసీ వస్తుంది. అది 0.7 దగ్గర ఉంటే బాస్ సమంగా ఉంటుంది, 1 చేరేసరికి ఒకచోట ఉబ్బుతుంది. క్యూటీఎస్ 0.55, వీఏఎస్ 8 లీటర్లు ఉన్న డ్రైవర్‌కు 12 లీటర్లలో 0.71 వస్తుందని సంతోషిస్తే, నిజంగా కట్టిన 7.1 లీటర్లలో వచ్చేది 0.80. బాక్సు పెంచే వీలు లేకపోతే పాలిస్టర్ దూదిని వదులుగా నింపితే కొంత మేలు జరుగుతుంది. పోర్టు బాక్సులో ఇదే లక్షణం ఉంటే పోర్టులో గుడ్డ కుక్కి వినండి. ధ్వని బాగుపడితే క్యూటీఎస్ ఎక్కువగా ఉన్న డ్రైవర్‌ను పోర్టు బాక్సులో పెట్టారని దాదాపు ఖాయం.

గొంతు ముందుకు దూసుకొచ్చి అరుస్తున్నట్టు, బాస్ పలచగా ఉంటుంది. ఎంత వెతికినా బాక్సులో లోపం దొరకదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన కారణం ఇదే. పోలారిటీ, లీకు, ఘనపరిమాణం అన్నీ సరిగా ఉంటాయి, సాఫ్ట్‌వేర్ గీసిన గ్రాఫు కూడా చదునుగానే కనిపిస్తుంది. ఆ గ్రాఫును నమ్మడంలోనే మోసం ఉంది, ఎందుకంటే బాక్సు లెక్కలు కట్టే సాధారణ సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌ను అంతులేని గోడలో బిగించినట్టు ఊహించుకుంటుంది. మీ ముందు పలక వెడల్పు ఎంతో దానికి తెలియదు.

తరంగదైర్ఘ్యం పలక వెడల్పు కంటే బాగా చిన్నదైన పై ఫ్రీక్వెన్సీలలో పలక ధ్వనిని ముందుకే నెడుతుంది. గాలిలో 200 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 1.7 మీటర్లు కాబట్టి ఆ ధ్వని సన్నని బాక్సు చుట్టూ తిరిగి వెనక్కి కూడా వ్యాపిస్తుంది, వినేవారికి చేరేది తగ్గిపోతుంది. ఆరుబయట ఈ తేడా 6 డెసిబెల్స్ వరకు ఉంటుంది. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి సాధారణంగా 3 నుంచి 4 డెసిబెల్స్ దిద్దితే చాలు. దీన్నే బ్యాఫిల్ స్టెప్ అంటారు. ఈ మార్పు నడిమధ్య ఎక్కడ పడుతుందో తెలియాలంటే 115ను మీటర్లలో పలక వెడల్పుతో భాగించాలి: 20 సెంటీమీటర్ల పలకకు 575 హెర్ట్జ్, అంటే సరిగ్గా గొంతు పలికే చోట.

నిర్ధారణకు పనిముట్లు అక్కర్లేదు. బాక్సు వీపును గోడకు దాదాపు ఆనించి వినండి. గొంతుకు నిండుదనం తిరిగి వస్తే కారణం ఇదేనని తేలినట్టే. అక్కడే ఉంచడానికి వీలుంటే, పోర్టు వెనకవైపు లేకపోతే, వేరే మందు అక్కర్లేదు.

గదిలోకి జరపక తప్పదంటే ఒక కాయిల్‌ను, ఒక రెసిస్టర్‌ను సమాంతరంగా కలిపి, ఆ జంటను డ్రైవర్ ప్లస్ తీగలో సిరీస్‌లో పెట్టాలి. 8 ఓమ్‌ల డ్రైవర్‌కు, 20 సెంటీమీటర్ల పలకకు, 4 డెసిబెల్స్ దిద్దడానికి 4.7 ఓమ్‌లు, 1.3 మిల్లీహెన్రీలతో మొదలుపెట్టవచ్చు. డ్రైవర్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీలలో ఒకేలా ఉండదు కాబట్టి ఇక్కడినుంచి చెవే చెప్పాలి: గొంతు వెనక్కి పోయినట్టుంటే 3.3 ఓమ్‌లకు దిగండి. కాయిల్‌ను మందమైన తీగతో చుట్టినదే తీసుకోవాలి. సన్నతీగ కాయిల్ నిరోధం డ్రైవర్ క్యూటీఎస్‌ను పెంచి ఇంతకుముందు చెప్పిన గుమ్ముమనే బాస్‌ను తెచ్చిపెడుతుంది. దిద్దిన మేరకు మొత్తం ధ్వని తగ్గుతుంది, దాన్ని ఆంప్లిఫైయర్‌తో పూడ్చుకోవాలి. ఈక్వలైజర్ ఉన్నవారు 575 హెర్ట్జ్ కింద షెల్ఫ్ ఫిల్టర్‌తో అంతే మేర పెంచి ఇదే ఫలితం పొందవచ్చు, కానీ చిన్న డ్రైవర్ కోన్‌కు శ్రమ పెరుగుతుందని గుర్తుంచుకుని వాల్యూమ్ అదుపులో ఉంచాలి.

మిగిలినవి

పోర్టు బుస్సుమంటే గొట్టం ఇరుకైనది. వ్యాసం పెంచినప్పుడు పొడవు కూడా పెంచకపోతే ట్యూనింగ్ (పోర్టు పలికే ఫ్రీక్వెన్సీ) పైకి పోతుంది. ఒకే స్వరం దగ్గర జిర్రుమంటే లోపల వదులుగా ఉన్న తీగ పలకకో కోన్‌కో తగులుతోంది, ఫోమ్ ముక్కతో కట్టేయండి. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) రాసుకోవడం, కోన్ చిరగడం లాంటివి అరుదు. బాక్సులోంచి తీసి బయట పలికించినా గరగర ఉంటేనే వాటిని అనుమానించాలి.