వినియోగదారుల సంతృప్తిని కొలిచే ముందు జాగ్రత్తలు

హనుమకొండలో బట్టల దుకాణమైనా, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే సంఘమైనా, కొన్నవారి అభిప్రాయం సేకరించే ముందు, వచ్చిన జవాబులను బట్టి ఏ పద్ధతిని మార్చబోతున్నారో కాగితంపై రాసుకోవాలి.

ఒక్కో ప్రశ్నలో ఒక్క విషయమే అడగాలి. “రంగు, ధర నచ్చాయా?” అంటే, రంగు నచ్చి ధర నచ్చనివారు ఏం చెప్పాలో తోచక “బాగానే ఉంది” అని వెళ్లిపోతారు.

అన్నింటికంటే ముఖ్యంగా, అమ్మిన మనిషి ఎదుటే అడగకూడదు. బిల్లు చేతికిస్తూ అడిగితే మొహమాటం కొద్దీ మెచ్చుకుంటారు. పైగా జంపఖానా అసలు సంగతి రెండు ఉతుకుల తరువాత, రంగు దిగిందా, అంచు పోగులు లేచాయా అని చూసుకున్నాకే తెలుస్తుంది కనుక, నెల రోజులు ఆగి ఫోన్ చేయడం మేలు. అందుకోసం నంబరు తీసుకునేటప్పుడే కారణం చెప్పి సమ్మతి పొందాలి.

“ఇతరులకు సిఫారసు చేస్తారా?” అనే 0–10 కొలత వాడితే, 9, 10 ఇచ్చినవారి శాతం నుంచి 0–6 ఇచ్చినవారి శాతాన్ని తీసివేయాలి, 7, 8 ఇచ్చినవారు మొత్తంలో ఉంటారు గాని ఏ పక్షానా చేరరు. జవాబులు 20 మాత్రమే ఉంటే, ఒక్కరు 9 నుంచి 8కి దిగినా ఫలితం 5 పాయింట్లు పడిపోతుందని గుర్తుంచుకోవాలి.

బతుకమ్మ, దసరా రద్దీ నాటి అంకెలను మామూలు నెలలతో పోల్చరాదు. రావడం మానేసిన పాత కొనుగోలుదారులను తప్పక అడగాలి.