చిన్నపిల్లలతో గుల్మార్గ్ మంచుకి వెళ్లేవాళ్ల కోసం

ట్రావెల్ ఏజెంట్ల కశ్మీర్ ప్యాకేజీ ఏదైనా తీసి చూడండి, గుల్మార్గ్‌కి ఒక్క రోజే ఇస్తారు. పొద్దున శ్రీనగర్‌లో బయల్దేరి, గొండోలా (కేబుల్ కార్) ఎక్కి దిగి, చీకటి పడేలోపు మళ్లీ శ్రీనగర్ హోటల్‌కి. పెద్దవాళ్లకి సరిపోతుందేమో గానీ, మూడు నుంచి ఏడెనిమిదేళ్ల పిల్లలున్నవాళ్లు మాత్రం దీనికి ఒప్పుకోకండి. దూరం 50 కిలోమీటర్లే, కాదనను. కానీ కొండ కింద ఉన్న తంగ్‌మార్గ్‌లో బండి మారి, ఘాట్ మలుపుల్లో పిల్లకి వాంతులై, పైకి చేరి సరిగ్గా ఆట మొదలయ్యే వేళకి గ్లోవ్స్ తడిసి ఏడుపందుకుంటుంది, అప్పుడు తీసుకెళ్లి బట్టలు మార్చి పడుకోబెట్టడానికి మీకంటూ ఒక గది ఉండదు. ఆ గది కోసమే గుల్మార్గ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండమంటున్నాను, మూడైతే ఇంకా మంచిది. ఖర్చు ఎక్కువే, దానికి బదులు పహల్‌గామ్, సోన్‌మార్గ్‌లలో ఒకటి తీసేయండి. పిల్లలకి మంచు ఎక్కడైనా మంచే.

ఎప్పుడు వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. మనవాళ్లందరికీ సంక్రాంతి సెలవులే గుర్తొస్తాయి. అది డిసెంబరు 21న మొదలయ్యే చిల్లై కలాన్ మధ్యలో పడుతుంది, కశ్మీరీలు ఏడాదిలో గడ్డు చలిగా లెక్కపెట్టుకునే నలభై రోజులు అవి. చలి గ్యారంటీ, మంచు మాత్రం కాదు. అక్కడ మంచు పడేది మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాన, మంచు మేఘాలు (వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు) వచ్చినప్పుడే, అవి మొహం చాటేస్తే కొండలు బోడిగా ఉండిపోతాయి. 2024లో సరిగ్గా సంక్రాంతి రోజుల్లో గుల్మార్గ్‌లో ఎండిపోయిన గడ్డి కనపడింది, మంచు జనవరి నెలాఖరుకి గానీ రాలేదు. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. ఫిబ్రవరికీ గ్యారంటీ లేదు, అయినా జనవరి కంటే నయమని నా ఓటు ఫిబ్రవరికే. అప్పటికి కొంత మంచు పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ, పగలు కాస్త పొడుగు, చలి కూడా పిల్లలు తట్టుకునేలా ఉంటుంది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి ఒక వారం బడి పోతే కొంపేం మునిగిపోదు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చే గదులే బుక్ చేసి, బయల్దేరే ముందు వారం వాతావరణ శాఖ సూచన రోజూ చూసుకోండి, భద్రత విషయంలో ఆ వారం పరిస్థితి ఎలా ఉందో కూడా.

హైదరాబాద్ నుంచి విమానం దిగిన రోజే పైకి ఎక్కేయకండి. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తు, గుల్మార్గ్ 2,650. ఒక రాత్రి శ్రీనగర్‌లో పడుకుంటే పిల్లలకి తలనొప్పి, చిరాకు తగ్గుతాయి. ఆస్తమా, తరచూ చెవిపోటు లాంటివి ఉంటే టికెట్లు కొనకముందే పిల్లల డాక్టర్‌ని అడగండి. తంగ్‌మార్గ్ నుంచి పైకి 13 కిలోమీటర్లు. రోడ్డు మీద మంచు ఉంటే చక్రాలకి గొలుసులు కట్టిన బండినో, ఫోర్ బై ఫోర్‌నో తప్ప వదలరు, కాబట్టి మీ టాక్సీ ఏకంగా హోటల్ దాకా వస్తుందా, తంగ్‌మార్గ్‌లో మారాలా, మారితే ఆ డబ్బు ఎవరిది అన్నది ముందురోజే డ్రైవర్‌తో తేల్చుకోండి. ఆ మలుపుల ముందు పిల్లలకి పాలు పట్టకండి. ఒక జత బట్టలు, రెండు మూడు ప్లాస్టిక్ కవర్లు డిక్కీలో కాదు, ఒళ్లో ఉండాలి.

ఇక బట్టలు. ట్రిప్పు బాగుందా పాడైందా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మనకి చలి అంటే లంబసింగి చలి, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేస్తే పోయే చలి. గుల్మార్గ్‌లో జనవరి, ఫిబ్రవరి రాత్రులు మైనస్‌లోనే, ఒక్కోసారి మైనస్ పదికి కూడా దిగుతుంది. ఇంత చలిని కూడా పిల్లలు తట్టుకుంటారు, తట్టుకోలేనిది తడిని. కాటన్ బనియన్ చెమటకి తడిస్తే ఒంటికి అంటుకుని అలాగే చల్లబడిపోతుంది, జీన్స్ ప్యాంటు మంచులో నానితే మళ్లీ ఆరదు. అందుకే లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్ (మెత్తటి నూగు జాకెట్), పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. చిన్నవాళ్లకి పైదంతా ఒకే ముక్కగా వచ్చే స్నో సూట్ అయితే నడుం దగ్గర నుంచి మంచు దూరదు, కాకపోతే బాత్రూమ్‌కి తీసుకెళ్లేటప్పుడు మొత్తం విప్పాలి, కాబట్టి బయటికి బయల్దేరే ముందు వద్దన్నా ఒకసారి తీసుకెళ్లండి.

గ్లోవ్స్ వేళ్లు విడివిడిగా ఉన్నవి వద్దు. నాలుగేళ్ల పిల్లకి ఒక్కో వేలూ ఒక్కో గూట్లో దూర్చేసరికి మీ సహనం అయిపోతుంది. బొటనవేలు ఒకటీ మిగతా నాలుగూ కలిపి ఉండే మిటెన్స్ కొనండి, పిల్లకి రెండు జతలు. జాకెట్ వేసి జిప్పు పెట్టాక మిటెన్స్ తొడిగితే చేతి అంచు బయటే ఉండిపోయి మంచు లోపలికి పోతుంది. ముందు మిటెన్స్, తర్వాత దాని మీదుగా జాకెట్ చెయ్యి, అప్పుడు జిప్పు. ఒక జత తడవగానే రెండోది వేసి, మొదటిది గదిలో ఆరేయండి. సాక్సులు రెండు జతలు కుక్కకండి, బూటు బిగుసుకుని రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ఊలువి ఒక్క జత చాలు. తంగ్‌మార్గ్‌లో పొడుగు కోట్లు, గమ్ బూట్లు అద్దెకిస్తారు, పెద్దవాళ్లం మనం సర్దుకుపోవచ్చు. పిల్లల సైజులు సరిగ్గా దొరుకుతాయన్న నమ్మకం లేదు, దొరికినా లోపలి అస్తరు నిన్నటి వాళ్ల తడితోనే ఉండొచ్చు. పిల్లల స్నో బూట్లు ఊళ్లోనే, అరసైజు ఎక్కువగా కొనుక్కెళ్లండి. మంకీ క్యాప్‌ని చూసి నవ్వేవాళ్లని నవ్వనివ్వండి, అంతకంటే పనికొచ్చేది లేదు. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ కూడా కావాలి, మంచు మీద పడ్డ ఎండ కింది నుంచి కూడా కొడుతుంది.

గది బుక్ చేసేటప్పుడు వ్యూ గురించి కాకుండా నాలుగు ప్రశ్నలు అడగండి: గది వేడి చేసేది దేనితో, కరెంటు పోతే జనరేటర్ రాత్రంతా ఉంటుందా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, మంచు పడితే బండి గుమ్మం దాకా వస్తుందా లేక సామాను మోయాలా. బుఖారీ అని కట్టెలతో మండే పొయ్యి, ఎలక్ట్రిక్ బ్లాంకెట్, సెంట్రల్ హీటింగ్, ఒక్కోచోట ఒక్కోటి ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే సెంట్రల్ హీటింగ్‌కే పెట్టండి. గ్యాస్ హీటరో, బుఖారీయో, బొగ్గుల కాంగ్డీయో (చలి కాచుకునే చిన్న కుంపటి) ఉన్న గదిలో తలుపులు, కిటికీలు బిడాయించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, చలికాలంలో దీనివల్ల ప్రాణాలు పోతుంటాయి. పడుకునే ముందు ఆర్పించండి, కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి. ఎలక్ట్రిక్ బ్లాంకెట్‌తో పక్క వెచ్చబెట్టి, పిల్లలు ఎక్కే ముందు స్విచ్ తీసేయండి, పక్క తడిపే వయసువాళ్లుంటే మరీను.

బండి దిగగానే గుర్రాలవాళ్లు, స్లెడ్జ్ (మంచు మీద లాగే చెక్కబండి) వాళ్లు, గైడ్లు చుట్టుముడతారు. గొండోలా చాలా దూరం, గైడ్ లేకుండా పంపరు అంటారు. రెండూ నమ్మక్కర్లేదు. కోప్పడకుండా వద్దని నడిచిపోండి, కడుపు కోసం చేసే పని, మంచు సీజన్ ఉన్నదే కొన్ని వారాలు. స్లెడ్జ్ మాత్రం పిల్లలకి ఎక్కించాల్సిందే. ఎంతసేపు, ఎక్కడి దాకా, మనిషికా బండికా, మొత్తం ఎంత అన్నది ఎక్కకముందే మాట్లాడుకోండి. పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టకండి, వాలు దిగేటప్పుడు కాళ్లు పైకి ఎత్తి పెట్టమనండి.

స్కీయింగ్‌కి నాలుగైదేళ్లు వస్తే చాలు. గోల్ఫ్ కోర్సు వైపు ఉన్న చిన్న వాలులు మొదలుపెట్టేవాళ్లకి సరిగ్గా ఉంటాయి. టీచర్‌ని గంట లెక్కన మాట్లాడండి, పొద్దున ఒక గంట చాలు, రోజంతా ప్యాకేజీ అంటే డబ్బు దండగ. సామాన్లు అద్దెకి తీసుకునేటప్పుడు తొందర పెడతారు, మీరు తొందరపడొద్దు. బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు ముందు కొసకి తగలాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి జరగాలి, మడమ పైకి లేవకూడదు. లేస్తోందంటే సైజు పెద్దది, టీచర్ ఎంత మంచివాడైనా ఆ బూటుతో పిల్ల మలుపు తిప్పలేదు. స్కీ పొడవు గడ్డం కన్నా కిందే ఉండాలి. చేతికర్రలు వద్దు. హెల్మెట్ అడిగి మరీ తీసుకోండి, లేదంటే ఇంకో షాపుకి వెళ్లండి. మొదటి రోజు నేర్వాల్సింది ఆగడం ఒక్కటే: స్కీల ముందు కొసలు దగ్గరకి, వెనక వైపు దూరంగా. కొస మీద కొస ఎక్కితే బోర్లా పడతారు, మంచు మెత్తగా ఉంటే నవ్వుతూ లేస్తారు. ఇంక చాలు అని పిల్ల అన్నప్పుడు టైమ్ మిగిలుందని బతిమాలకండి, మర్నాడు రమ్మన్నా రాదు.

గొండోలా టికెట్లు జమ్మూ కశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ముందే తీసుకోండి, సీజన్‌లో అక్కడికెళ్లి కొందామంటే దొరకవు. మొదటి దశ దాదాపు 3,100 మీటర్ల దగ్గర కొంగ్‌డోరికి, రెండోది అఫర్‌వాట్ కొండ మీద 3,900 దాటి. చిన్నపిల్లలతో మొదటిది చాలు. రెండోదానికి క్యూ పొడుగు, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, పైన చలీ ఎత్తూ కలిపి పిల్లల్ని పిండేస్తాయి. అఫర్‌వాట్ వాలుల్లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నిజమైనదే, హద్దు దాటి ఫొటోలు వద్దు.

తిండికి టెన్షన్ పడక్కర్లేదు. కశ్మీరీలు కూడా మనలాగే అన్నం తినేవాళ్లు, వేడి అన్నం, రాజ్మా, పెరుగు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంటి నుంచి కందిపొడి, నెయ్యి, ఉప్మా రవ్వ వేయించి కలిపిన పొడి, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ పట్టుకెళ్లండి. చలిలో పిల్లలు నీళ్లు అడగరు, ఫ్లాస్కులో గోరువెచ్చటివి పెట్టుకుని మీరే తాగించాలి. డైపర్లు, జ్వరం మందు, వాసెలిన్ పైకి ఎక్కకముందే సరిపడా ఉంచుకోండి. మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కొంత నగదు కూడా.

తిరుగు ప్రయాణానికి గుల్మార్గ్ నుంచి నేరుగా విమానం పట్టుకునే ప్లాన్ వేయకండి, రాత్రి మంచు పడితే రోడ్డు ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. ముందురోజే శ్రీనగర్ దిగిపోండి. అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో టెర్మినల్‌కి చాలా ముందే, డ్రాప్ గేట్ దగ్గర, అందరూ దిగి సామానంతా ఎక్స్‌రేకి పెట్టాలి, నిద్రపోతున్న పిల్లలతో సహా. లోపల మళ్లీ తనిఖీలు. మూడు గంటల ముందు చేరండి, తినడానికి ఏదైనా చేతి సంచిలో ఉంచుకోండి, పిల్లల జాకెట్లు అప్పుడే చెకిన్ సామాన్లో వేసేయకండి. మంచు వల్ల విమానం లేటైతే ఆ హాల్లోనే కూర్చోవాలి.