ముంపు ఊరి గ్రామసభ తీర్మానం చెల్లేలా ఎలా రాయాలి?

పోలవరం కింద దాదాపు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. వాటిలో గోదావరి, శబరి ఒడ్డున తరతరాలుగా ఉంటున్న కోయ, కొండరెడ్డి గూడేలు ఎన్నో ఉన్నాయి. అక్కడైనా, రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే మరే ఏజెన్సీలోనైనా (గిరిజన ప్రాంతంలోనైనా) డ్యాముకు భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ముందే సమ్మతి తీసుకోవాలి. అత్యవసరం పేరు చెప్పినా ఈ షరతు తప్పదు. అయితే ఆ సమ్మతి ‘గ్రామసభ లేదా పంచాయతీ’ ఇవ్వవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. గూడెం మౌనంగా ఉంటే పంచాయతీ సంతకంతో పని కానిచ్చే సందు అదే. అందుకే అధికారులు రాకముందే ఊరి మాట కాగితం మీదికి ఎక్కాలి.

సభ ఎక్కడ, ఎంతమందితో

సభ పంచాయతీ కేంద్రంలో కాదు, గూడెంలోనే పెట్టండి. తన ఆచారాల ప్రకారం తన పనులు తాను చూసుకునే గూడేన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 పెసా చట్టం గ్రామంగానే చూస్తుంది. కోరం (సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) విషయంలో అటవీ హక్కుల నియమాల లెక్కనే పట్టుకోండి: సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. 240 మంది ఓటర్లుంటే కనీసం 120 మంది, వారిలో 40 మంది ఆడవాళ్లు. తునికాకు కోతల రోజుల్లో, సంత రోజున సభ పెడితే కోరం నిలవదు. రెండు మూడు రోజుల ముందు చాటింపు వేయించి, వేసిన తేదీ రిజిస్టర్‌లో రాయండి.

ముంపు గీతను మీరే గుర్తించండి

పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, తొలిదశ 41.15 మీటర్లు. ఈ కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తు) అంకెలు నిలిచి ఉన్న నీటికి. వరద పారేటప్పుడు పైకి వెళ్లేకొద్దీ నీటిమట్టం డ్యాము దగ్గరకంటే ఎత్తుగా ఉంటుంది. దాన్నే బ్యాక్‌వాటర్ అంటారు. గీతకు పైనున్న ఊళ్లు కూడా మునగడానికి అదే కారణం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇంటి గోడ మీద, చెట్టు మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో పెయింటుతో గీత గీయండి. నేల నుంచి ఎత్తు టేపుతో కొలిచి, ఫొటో తీసి, చూసిన ఇద్దరు పెద్దల వాంగ్మూలం రాయించండి. మీ ఊరి సర్వే నంబర్ల కాంటూరు జాబితా, బ్యాక్‌వాటర్ అధ్యయనం నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అటవీ హక్కులు

అటవీ హక్కుల చట్టం కింద పోడుకు ఫారం ఎ అందరూ పెడతారు. సామూహిక హక్కులకు ఫారం బి, సామూహిక అటవీ వనరుకు (ఊరు ఉమ్మడిగా వాడుకుంటూ కాపాడుకునే అడవికి) ఫారం సి వదిలేస్తారు. ఇది పెద్ద నష్టం. చేపలవేట, వెదురు, ఇప్పపువ్వు, మేతబీడు, అన్నీ వాటిలోనే చేరాలి. భూసేకరణ చట్టం 42వ సెక్షన్ ప్రకారం సామూహిక హక్కుకు విలువ కట్టాలంటే ఆ హక్కు ముందే ఖరారై ఉండాలి. ప్రతి క్లెయిముకూ కనీసం రెండు ఆధారాలు జతచేయాలి: చదును చేసిన నేల, గట్లు, శ్మశానం, క్లెయిముదారు కాని పెద్దల వాంగ్మూలం, ఇలా ఏవైనా రెండు. విచారణ, గుర్తింపు ముగియనిదే అటవీ భూమి నుంచి ఎవరినీ ఖాళీ చేయించకూడదని అటవీ హక్కుల చట్టం 4(5) సెక్షన్ చెబుతోంది. తీర్మానంలో ఈ సెక్షన్ నంబరు రాయండి.

తీర్మానం

ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. హాజరు పట్టీలో పెట్టిన సంతకాలు తర్వాత సమ్మతి సంతకాలుగా మారతాయి. కాబట్టి ఒక్కరు కూడా సంతకం పెట్టకముందే ప్రతి పేజీ పైన ‘భూసేకరణకు సమ్మతి లేదన్న తీర్మానానికి సంతకాలు’ అని రాసి, పేజీలకు నంబర్లు వేయండి. చివరి సంతకం కింద మిగిలిన ఖాళీని అడ్డగీతతో కొట్టేయండి. వేలిముద్ర పక్కన పేరు ఉండాలి. తీర్మానాన్ని కోయభాషలో చదివి వినిపించినట్టు, చదివినవారి పేరుతో సహా నమోదు చేయండి.

‘మంచి ప్యాకేజీ ఇస్తే తప్ప ఒప్పుకోం’ అని రాయకండి. అది షరతులతో కూడిన సమ్మతి అయిపోతుంది. పరిహారం మాట్లాడాలనుకుంటే మరో రోజు, మరో తీర్మానం. ఇళ్లు, ఎకరాలు, సర్వే నంబర్లతోపాటు ముత్యాలమ్మ గుడి, పూర్వీకుల రాళ్లు కూడా జాబితాకెక్కాలి. జార్ఖండ్‌లో కోయెల్-కారో డ్యామును ముండా ఆదివాసులు ఏళ్ల తరబడి అడ్డుకున్నది సర్నా పూజావనాలనూ పూర్వీకుల సమాధి రాళ్లనూ ఏ ప్యాకేజీతోనూ తరలించలేమన్న మాట మీద నిలబడే. 2001 ఫిబ్రవరి 2న తప్‌కరాలో పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయినా వెనక్కి తగ్గలేదు. 2003లో ఆ ప్రాజెక్టును వదిలేశారు.

నకళ్లు కలెక్టర్‌కు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, గవర్నర్‌కు, జాతీయ ఎస్టీ కమిషన్‌కు పంపండి. కలెక్టరేట్ టపాల్ సెక్షన్‌లో (ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అసలు రిజిస్టర్ ఊళ్లోనే ఉండాలి, చూస్తామని అడిగినా చేతికివ్వద్దు.

గడువులు

భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లో భూయజమానులు ఎవరికి వారు కలెక్టర్‌కు రాతపూర్వక అభ్యంతరం ఇవ్వాలి. ఊరి తీర్మానం దానికి బదులు కాదు. పర్యావరణ అనుమతిపై హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అవకాశం ఉంటుంది. ఇక నీళ్లు నిలపడం మొదలయ్యే దశ వస్తే భూసేకరణ చట్టం 38వ సెక్షన్ పట్టుకోండి: సాగునీటి, జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. కాలనీలో ఇల్లు, తాగునీరు, బడి లేకపోతే ఆ లోటును ఇంటింటికీ రాసి, ఫొటోలతో ఆ 6 నెలలు మొదలవకముందే అందజేయండి.