ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుందాం – 4వ పాఠం: మన వేళ్లకు తగ్గ తీగలు

పోయిన పాఠంలో పాత తీగలు విప్పి కొత్తవి ఎక్కించడం నేర్చుకున్నాం. ఎక్కించడం వచ్చాక ఏవి ఎక్కించాలన్న ప్రశ్న వస్తుంది. చాలామంది దీన్ని వాయిదా వేస్తారు. గిటార్ కొన్నప్పుడు ఏవి ఉంటే అవే, అవి తెగితే చేతికి దొరికినవి. అలా ఏళ్లు గడిచిపోతాయి. బెండ్ చేయడం (నొక్కిన తీగను పక్కకు తోసి స్వరం పెంచడం) రావట్లేదని, బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలను అడ్డంగా నొక్కి పట్టే కార్డ్) పట్టలేకపోతున్నామని తమ వేళ్లనే తిట్టుకుంటారు. వేళ్ల తప్పేమీ ఉండదు. వాటికి తగని తీగలు కట్టి ఉంటాయంతే. అందుకే ఈ విషయానికి ఒక పాఠమంతా కేటాయిస్తున్నాను.

ముందు ప్యాకెట్ చదవడం. దాని మీద 9-42, 10-46, 11-49 లాంటి అంకెలు ఉంటాయి. అదే గేజ్, అంటే తీగ మందం. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి అందులో ఎన్ని భాగాల మందమో చెబుతుంది. 10 అంటే 0.010 అంగుళం, పావు మిల్లీమీటరు. మొదటి అంకె అన్నిటికన్నా సన్నని ఒకటో తీగది, రెండోది లావుపాటి ఆరో తీగది. 10-46 సెట్‌లో ఒకటో తీగ నుంచి వరసగా 10, 13, 17, 26, 36, 46 ఉంటాయి. 9-42లో 9, 11, 16, 24, 32, 42. వాయించేవాళ్లు "నేను తొమ్మిది వాడతాను", "పదికి మారాను" అంటే ఒకటో తీగ మందం చెబుతున్నారన్నమాట.

తొమ్మిదికీ పదికీ తేడా ఎంత? అంగుళంలో వెయ్యో వంతు, కంటికి కూడా ఆనదు. వేలికి మాత్రం బాగా తెలుస్తుంది. అదే పొడవులో అదే స్వరం పలకాలంటే తీగ ఎంత లావైతే అంత గట్టిగా లాగి పట్టాలి. ఆ లాగుడు మందానికి వర్గంగా పెరుగుతుంది. మందం 11 శాతం పెరిగితే లాగుడు 23 శాతం పెరుగుతుంది. 25.5 అంగుళాల స్కేల్ ఉన్న గిటార్ మీద మామూలు శ్రుతిలో ఒకటో తీగ 9 అయితే సుమారు 6 కిలోల లాగుడు ఉంటుంది. 10 అయితే 7.3 కిలోలు, 11 అయితే 8.9 కిలోలు. ఆరు తీగలూ కలిపితే 9-42 సెట్ గిటార్ మెడను దాదాపు 38 కిలోల బలంతో లాగుతుంది, 10-46 అయితే 46 కిలోల పైమాటే. ఈ పాఠంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి: వేలికి తగిలేది ప్యాకెట్ మీది అంకె కాదు, ఈ లాగుడు.

లాగుడును మార్చేది మందం ఒక్కటే కాదు. స్కేల్ పొడవు, అంటే నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) దాకా తీగ మోగే పొడవు కూడా మారుస్తుంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్‌లలో అది 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్ పాల్‌లో 24.75 అని లెక్క. ఆ ముప్పావు అంగుళానికే లాగుడు 6 శాతం దాకా తగ్గుతుంది. కాబట్టి లెస్ పాల్ మీద పది కడితే, స్ట్రాటోకాస్టర్ మీద తొమ్మిదిన్నరకూ పదికీ మధ్యలో ఏదో కట్టినట్టు ఉంటుంది. స్నేహితుడి గిటార్ మీద హాయిగా పలికిన సెట్ మీ గిటార్ మీద బిర్రుగా అనిపించడానికి ఇదొక కారణం.

మూడోది శ్రుతి. తీగలన్నీ హాఫ్ స్టెప్ (అర స్వరం) దించితే లాగుడు 11 శాతం తగ్గుతుంది, ఫుల్ స్టెప్ (పూర్తి స్వరం) దించితే 21 శాతం. ఫుల్ స్టెప్ దించి వాయించేవాళ్లు పది కడితే, మామూలు శ్రుతిలో తొమ్మిది కట్టినంత మెత్తదనమే మిగులుతుంది. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ఒకటో తీగకు 13 కట్టేవాడని విని చాలామంది అదే కట్టి వేళ్లు కాయలు కాయించుకుంటారు. ఆయన గిటార్‌ను హాఫ్ స్టెప్ దించి వాయించేవాడన్న సంగతి వాళ్ల చెవిన పడదు. దించినా అది బరువైన సెట్టే, ఆయన చేతులకు ఆ బలం ఉండేది. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ ఐయోమీది ఇంకో దారి. 1965లో ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ చేత్తోనే. సన్నని తీగలు కట్టాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. అంత బరువైన నాదం పుట్టింది అలాంటి మెత్తని తీగల మీదే. లావు తీగ కడితేనే లావు ధ్వని వస్తుందన్న మాట నేను ఒప్పుకోను. జీజీ టాప్ బ్యాండ్ గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్ ఏడు కట్టి వాయిస్తాడు, ఆ ధ్వనిని పల్చన అనగలరా?

ఇప్పుడు గిటార్ చేతిలోకి తీసుకోండి. మూడో తీగను తొమ్మిదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర నొక్కి మీటండి. ఆ స్వరాన్ని చెవిలో నిలుపుకోండి. అదే తీగను ఏడో ఫ్రెట్ దగ్గర ఉంగరపు వేలితో నొక్కి, మధ్యవేలు, చూపుడువేలు దాని వెనకే ఆనించి, మూడు వేళ్లతో కలిపి తీగను పైకి తోయండి. ఇందాకటి స్వరాన్ని అందుకోవాలి. మణికట్టు తిరిగితే సరిగ్గా చేస్తున్నట్టు, వేలి కణుపులు మాత్రమే వణుకుతుంటే బలం చాలట్లేదన్నట్టు. పదిసార్లు చేయండి. ఆరేడుసార్లకే స్వరం అందక కిందనే ఆగిపోతుంటే ఒక మెట్టు సన్నని సెట్‌కు వెళ్లండి. పదీ సునాయాసంగా వచ్చి, మామూలు కార్డ్ పట్టినప్పుడు తెలియకుండానే స్వరం పైకి జారి అపశ్రుతి పలుకుతుంటే తీగలు మీ చేతికి మరీ మెత్తన, ఒక మెట్టు లావువి కట్టండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు పొడవు స్కేల్ మీద తొమ్మిదితో, పొట్టి స్కేల్ మీద పదితో మొదలుపెట్టమని నా సలహా.

ఆరో తీగను మాత్రమే ఫుల్ స్టెప్ దించి బరువైన రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వాద్య పదబంధాలు) వాయించేవాళ్లకు 10-52 లాంటి సెట్లు ఉన్నాయి. పైన పదిలాగే మెత్తగా, కింద గట్టిగా ఉంటాయి.

లోహం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) అయస్కాంతంతో పనిచేస్తుంది, దానికి ఇనుమో నికెలో కావాలి. అకూస్టిక్ గిటార్‌కు కట్టే కంచు చుట్టిన తీగలు ఇక్కడ పనికిరావు. లావు తీగలు సరిగా పలకవు. నికెల్ పూత పూసిన స్టీల్ తీగలు అన్నిటికీ సరిపోతాయి, వాటితోనే మొదలుపెట్టండి. అచ్చమైన నికెల్ చుట్టినవి కొంచెం మృదువుగా మోగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలది తళుకైన ధ్వని, కాకపోతే ఫ్రెట్లు త్వరగా అరుగుతాయి. చుట్టు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగల మీద వేలు జారినా కీచుమనదు, జాజ్ వాయించేవాళ్లకు ఇష్టం. చేతులకు చెమట ఎక్కువ పడితే పైపూత ఉన్నవి చూడండి, ఖరీదు ఎక్కువైనా ఎక్కువ కాలం వస్తాయి.

గేజ్ మార్చినప్పుడు గిటార్‌ను కూడా చూసుకోవాలి. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ ఉన్న నా మొదటి గిటార్‌కు తొమ్మిది తీసేసి ఒకేసారి పదకొండు ఎక్కించాను. శ్రుతి చేస్తున్నకొద్దీ బ్రిడ్జ్ వెనకభాగం పైకి లేచింది, తీగలన్నీ ఫ్రెట్లకు దూరంగా పోయాయి. ఆరో తీగ సరిచేస్తే ఒకటోది దిగిపోయేది, ఒకటోది సరిచేస్తే ఆరోది. ఒక సాయంత్రమంతా అలాగే గడిచింది. వెనక మూత విప్పి, స్ప్రింగులు పట్టుకున్న స్క్రూలు రెండూ కొంచెం కొంచెంగా బిగిస్తే బ్రిడ్జ్ తిరిగి చదునైంది. అందుకే ఒక్కసారికి ఒక్క మెట్టే మారండి. కదలని బ్రిడ్జ్ అయితే ఈ బాధ లేదు, కానీ మెడ వంపు, నట్ గాడి, ఇంటొనేషన్ (మెడ మీద ఎక్కడ నొక్కినా స్వరం సరిగ్గా పలకడం) ఎటూ చూసుకోవాలి. నట్ గాడిలో లావు తీగ ఇరుక్కుంటే ట్యూనింగ్ మర తిప్పినప్పుడు 'టిక్' మని చిన్న చప్పుడు వస్తుంది.

ఈ వారం అభ్యాసం: ఇప్పుడున్న తీగల గేజ్, మీ గిటార్ స్కేల్ పొడవు ఒక నోట్‌బుక్‌లో రాయండి. పైన చెప్పిన బెండ్ పరీక్ష రోజుకొకసారి చేసి, పదింటిలో ఎన్ని స్వరాన్ని అందుకున్నాయో పక్కన రాయండి. ఏడు రోజుల లెక్క చూశాకే కొత్త సెట్ కొనండి. అవి ఎక్కించి, రెండు రోజులు సాగనిచ్చి, పన్నెండో ఫ్రెట్ దగ్గర ట్యూనర్‌తో స్వరం చూడండి. సరిగ్గా పలకకపోయినా కంగారు పడకండి, ఏమీ తిప్పకండి. ఎంత తేడా ఉందో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో బ్రిడ్జ్ మీది శాడిల్స్ (ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెలు) జరిపి ఆ తేడా సరిచేద్దాం.