ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి సైకిల్, బండి, ఆటలు: ఎక్కడ ఇబ్బంది వస్తుంది, ఎందుకు, ఏం చేయాలి

షుగర్ వల్ల అంగం గట్టిపడక, దానికి వాడే మాత్రలు కూడా పనిచేయడం మానేశాక, అంగంలో ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. నాది మూడు భాగాలది: అంగంలో రెండు సిలిండర్లు, వృషణాల సంచిలో పంపు, పొత్తికడుపులో సెలైన్ నీటి తిత్తి. పంపు నొక్కితే తిత్తిలోని నీరు సిలిండర్లలోకి వచ్చి అంగం గట్టిపడుతుంది. ఇంటికొచ్చాక నన్ను పట్టుకున్న టెన్షన్ ఒకటే. పాలకొల్లు కాలువ గట్టు మీద రోజూ సైకిల్ తొక్కేవాణ్ణి, ఇక తొక్కొచ్చా లేదా? ఇలాంటిది ఎవరినడుగుతాం? అడగలేక ఆటలు మానేసి కూర్చునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కింద చెప్పేవన్నీ పూర్తిగా మానిన తర్వాతి సంగతులు. బరువులు, పరుగులు మామూలుగా 4 నుంచి 6 వారాలు ఆపమంటారు. సీటు మీద కూర్చునే పనికి ఇంకాస్త ఎక్కువ పట్టవచ్చు. ఆ తేదీ మీ సర్జన్ నోటి నుంచే రావాలి.

సైకిల్ మీద కాసేపటికే కింద మొద్దుబారుతోంది

ఇది ఇంప్లాంట్ లేని మగవాళ్లకీ వచ్చేదే. వృషణాలకీ మలద్వారానికీ మధ్య నుంచి నరాలు, రక్తనాళాలు వెళతాయి. సన్నని సీటు వాటినే నొక్కుతుంది. మనకైతే సిలిండర్ల వెనుక కొసలు కూడా ఆ దగ్గర్లోనే, కటి ఎముకను ఆనుకుని ఉంటాయి.

నా పాత సైకిల్ సీటు ముక్కు కాస్త పైకి లేచి ఉండేది. పానాతో నట్లు వదులు చేసి ముక్కును వేలి మందం కిందికి దించి, మళ్లీ బిగించాను. అంతకంటే దించితే ఒళ్లు ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. తర్వాత మధ్యలో గాడి ఉన్న వెడల్పాటి సీటు వేయించాను. బరువు పిరుదుల ఎముకల మీదకి రావాలి, అదే అసలు కిటుకు. మెత్తగా ఉంటుందని లావు స్పాంజి సీటు కొనకండి. ఒళ్లు అందులో కూరుకుపోయి మధ్యభాగం ఇంకా నలుగుతుంది. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. దిగాక కూడా గంటల తరబడి స్పర్శ రాకపోతే సైకిల్ ఆపి డాక్టరుకి చూపించండి.

బండి మీద పంపు నలిగి నొప్పి పుడుతోంది

కారణం చాలాసార్లు వదులు బట్టలే. లుంగీ కట్టి బండెక్కితే పంపు తొడ కిందికో, ట్యాంకుకి ఎదురుగానో జారుతుంది. మన గట్టు రోడ్ల గోతులు తెలిసినవేగా! బిగుతు బ్రీఫ్ గానీ, ఆటగాళ్ల సపోర్టర్ గానీ వేసుకుని, కూర్చునే ముందు సంచిని పైకి సర్దుకోండి. ట్యాంకుకి అంటుకోకుండా కాస్త వెనక్కి కూర్చోండి, లేకపోతే సడన్ బ్రేకు కొట్టినప్పుడు ముందు తగిలేది అక్కడే. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫుట్‌రెస్ట్‌ల మీద కొంచెం లేవండి. ధాన్యం బస్తా ట్యాంకు మీద పెట్టుకుని తేవడం మాత్రం మానేయండి.

ఆట మధ్యలో దానంతటదే గట్టిపడుతోంది

దీనికి మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు, కానీ ఇందులో తప్పేమీ లేదు. బస్కీలు తీసినా, కబడ్డీలో ఊపిరి బిగబట్టి లాగినా పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి తిత్తిని పిండితే నీరు సిలిండర్లలోకి వస్తుంది. కొన్ని కొత్త పంపుల్లో దీన్ని ఆపే వాల్వు ఉంటుంది.

ఆటకి ముందు సిలిండర్లు పూర్తిగా ఖాళీ చేయండి. సగం దించి వదిలేయకుండా, మీ మోడల్‌కి నేర్పిన పద్ధతిలో రిలీజ్ బటన్ నొక్కి, అంగాన్ని మెల్లగా పిండుతూ నీరు మొత్తం వెనక్కి పంపాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి వదలండి. అయినా తగ్గకపోతే తిత్తి చుట్టూ ఏర్పడిన పొర బిగుసుకుని ఉండొచ్చు. దాన్ని సర్జనే సరిచేయాలి.

వంచే కడ్డీల రకం పెట్టించుకున్నవాళ్లకి ఈ బాధ లేదు. నిక్కరులో ఎత్తుగా కనిపించడమే వాళ్ల ఇబ్బంది. పైకి వంచి సపోర్టర్ వేసుకుంటే చాలు.

గజ్జల్లో ఒరుపు, దురద

మన ఉక్కలో షటిల్ ఆడితే నిక్కరు పిండొచ్చు. తడి బట్ట వెంటనే మార్చి, పొడిగా తుడుచుకోండి. తామరకి మెడికల్ షాపు ఆయన ఇచ్చే స్టెరాయిడ్ క్రీము వద్దు. చర్మం చిట్లి ఉంటే కాలువలో దిగకండి. వేసవిలో కాలువలు కట్టేశాక నిలవుండే నీళ్లలోకి అసలే వద్దు.

దెబ్బ తగిలాక పంపు నొక్కినా నిండడం లేదు

ఎక్కడో లీకై ఉండొచ్చు. సెలైన్‌ని ఒళ్లు పీల్చేసుకుంటుంది, దానితో ప్రమాదం లేదు. వీలు చూసుకుని వెళ్లి చూపించుకోండి. దగ్గినప్పుడు గజ్జల్లో ఉబ్బు కనిపిస్తే బరువులు ఆపేయండి, అది హెర్నియా కావచ్చు.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

జ్వరం, ఎరుపు, చీము, రోజురోజుకీ పెరిగే నొప్పి, పంపు చర్మానికి అతుక్కుపోవడం, చర్మం పలచబడి లోపలి భాగం కనిపించడం, పడిన తర్వాత మూత్రంలో రక్తం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పసుపు రాసి చూద్దామనుకోకండి. షుగర్ ఉంటే ఇంకా తొందరపడాలి.

బండి నడిపేవాళ్లు డిశ్చార్జ్ రోజున ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు పర్సులోనే ఉంచుకోండి. ఇంట్లో ఒకరికైనా విషయం చెప్పండి. యాక్సిడెంటైతే మూత్రం గొట్టం వేసేముందు సిలిండర్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి. మీరు స్పృహలో లేకపోతే డాక్టరుకి ఆ మాట చెప్పేది వాళ్లే.